అత్త కోసం సిగార్ హోల్డరు

పోయిన నెలలో ఒక వారం పాటు మా వీధి ఎంత ప్రశాంతంగా ఉందో గమనించారా? పాలలో నీళ్ళు ఎక్కువయ్యాయి, నేను ఏమీ అనలేదు. పక్కింటి అప్పలకొండ తన వాకిట్లో తుక్కంతా మా గుమ్మం ముందుకి ఊడ్చింది, నేను ఏమీ అనలేదు. మా ఆయన పప్పులో ఉప్పు రెండుసార్లు వేశాడు (అవును, ఆ వారం వంట ఆయనే), అప్పుడూ నేను ఏమీ అనలేదు. ఒక సాయంత్రం ఆయన గుమ్మంలో కూర్చుని, నాకు వినపడదనుకుని, "సూర్నారాయణసామీ, ఉన్నావు తండ్రీ!" అని దణ్ణం పెట్టుకున్నాడు. వినపడింది. నా చెవులకేం రోగం? కాలింది నాలుక.

అత్త నోట్లో నిప్పు తీయించడానికి వెళ్ళి, నా నోట్లో పెట్టుకుని వచ్చాను. అదీ సంగతి. టీ తాగుతూ వినండి. నవ్వొస్తే నవ్వండి, కానీ నా మీద ఒలకబొయ్యకండి.

మాది అరసవల్లి రోడ్డులో చుట్టల దుకాణం. చుట్టలు, బీడీలు, కిళ్ళీలు. బల్ల మీద మా ఆయన కూర్చుంటాడు. సరుకు చూసి తీసుకోవడం, బాగులేకపోతే తెచ్చినవాడి తాతల దాకా వెళ్ళి కడిగెయ్యడం నా పని. నేను బడికి వెళ్ళింది ఏడో తరగతి దాకానే. మిగిలిన చదువంతా పొట్లాల కాయితాల మీద. పొట్లాలు కట్టడానికి పాత పుస్తకాలు తూకానికి వస్తాయి కదా, అవి చింపేముందు చదివేదాన్ని. కథ మధ్యలో ఒక పేజీ పొట్లమై వెళ్ళిపోతే, ఆ కొన్నవాణ్ణి రోడ్డు మీద ఆపి, "ఒరే, ఆ కాయితం తెచ్చియ్యరా, ఆ పిల్ల బతికిందో లేదో తెలీకుండా పోయింది" అని అడిగిన రోజులున్నాయి. తరవాత లైబ్రరీకి అలవాటు పడ్డాను. అందుచేత నాకు అన్నీ తెలుసు. తెలుసని చెప్పడం ఇంకా బాగా తెలుసు.

ఇక మా అత్త. పేరు తవిటమ్మ. పుట్టిల్లు కళింగపట్నం. పెళ్ళికి ముందు సముద్రం ఒడ్డున చేపలు ఎండబెట్టిన మనిషి. అక్కడి ఆడవాళ్ళు చాలామందికి లాగే ఆవిడదీ అడ్డపొగ. తెలియనివాళ్ళ కోసం చెప్తున్నాను: చుట్ట వెలిగించి, నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని, పెదాలు బిగించి కాలుస్తారు. బయటికి కనపడేది వెలగని కొసే. అదేం పద్ధతి అని అడిగితే మా అత్త జవాబు ఎప్పుడూ ఒకటే. "సముద్రం గాలికి బయట నిప్పు ఆగుతాదేటే? నోట్లో ఉంటే వాయుదేవుడొచ్చినా ఏటీ సెయ్యలేడు. నీకు రెండు సేతులూ ఖాళీ. సేపలు సూసుకోవచ్చు, మొగుణ్ణీ సూసుకోవచ్చు."

పోయిన ఏడాది మా వీధిలో పళ్ళ డాక్టర్ల క్యాంపు పెట్టారు. ఒక లేడీ డాక్టరు నవ్వుతూ అత్త చేత నోరు తెరిపించి, టార్చి వేసి, అంగుట్లోకి చూసి, నవ్వు ఆపేసింది. "అమ్మా, పైన తెల్లమచ్చ ఉంది. హాస్పిటల్‌కి రండి, చిన్న ముక్క తీసి పరీక్షకి పంపుదాం. నిప్పు మాత్రం ఇవాళే మానెయ్యండి" అంది.

అత్త నోరు మూసింది. మూసిన నోరు మళ్ళీ ఏ డాక్టరుకీ తెరవలేదు.

నాకూ ఆ అలవాటు ఉండేది లెండి. కాపరానికి వచ్చిన కొత్తలో అత్తే నేర్పింది, పొయ్యి దగ్గర పక్కన కూర్చోబెట్టుకుని, ప్రేమగానే. డాక్టరమ్మ మొహం చూశాక ఆ రోజే మానేశాను. మానేసినదాన్ని మానేసినట్టు ఉండొచ్చు కదా! ఉండను. మానేసినవాళ్ళంత పాపిష్టి జాతి లోకంలో ఇంకోటి లేదు. పొద్దున్న కాఫీతో ఒక ఉపన్యాసం, రాత్రి కంచం ముందు ఇంకోటి. లైబ్రరీ నుంచి వైద్యం పుస్తకం తెచ్చి, రంగుల బొమ్మలు చూపించాను. అత్త బొమ్మ కేసి చూసి, "ఈ దానిమ్మకాయ ఎవలిదే?" అంది. చుట్టలు దాచేశాను. "సుట్టల కొట్టు పెట్టుకుని సుట్టలు దాస్తావేటే, సముద్రంలో నీళ్ళు దాసినట్టు!" అని పకపకా నవ్వింది. ఏడ్చాను కూడా ఒకసారి. దానికి మాత్రం కాస్త మెత్తబడి, "నాకేటీ అవ్వదులే" అని నా వీపు నిమిరింది. నిమురుతూ నిమురుతూనే రెండో చేత్తో అగ్గిపెట్టె వెతుక్కుంది.

ఇలా ఉండగా మా ఆయన ఫోనుకి ఒక ఆహ్వానం వచ్చింది. విజయనగరంలో ఫంక్షన్ హాల్లో పొగాకు వ్యాపారుల ట్రేడ్ షో. ఒక కంపెనీ కొత్తగా సిగార్ యాక్సెసరీస్ దింపుతోంది, అంటే చుట్టకి నగలూ నట్రా అన్నమాట. మాలాంటి దుకాణాలవాళ్ళు వచ్చి, వాడి చూసి, ఎలా ఉన్నాయో చెప్పాలట. "మన కొట్లో అగ్గిపెట్టికే బేరమాడతారు, ఇవెవడు కొంటాడే" అని మా ఆయన ఫోను పక్కన పడేశాడు. నేను తీసి బొమ్మలు చూశాను. ఒక బొమ్మ దగ్గర నా వేలు ఆగిపోయింది.

సిగార్ హోల్డరు. నల్లటి గొట్టం. ఒక కొస మన నోట్లో, రెండో కొసకి చుట్ట బిగించాలి. నిప్పు జానెడు అవతల ఉంటుంది. దాంతో కాలిస్తే నిప్పు నోట్లోకి రమ్మన్నా రాదు!

నాకు ఒళ్ళంతా వెలుగొచ్చింది. మానడం తరవాత సంగతి, ముందు నిప్పు బయటికొస్తే అంతే చాలు కదా! అత్తతో విషయం చెప్పలేదు. "విజయనగరం పోదాం అత్తా, పైడితల్లమ్మని సూసొద్దాం" అన్నాను. అత్త చీర మార్చుకుని, నాకన్నా ముందు ఆటోలో కూర్చుంది.

ఆర్టీసీ కాంప్లెక్సులో బస్సు దిగి, ముందు హాలుకి తీసుకెళ్ళాను. లోపల ఏసీ, ఎర్ర తివాచీ, స్టాళ్ళు, సన్నగా సన్నాయి మ్యూజిక్కు. అత్త గుమ్మం దగ్గరే చెప్పులు విప్పేసింది.

"అత్తా, తొడుక్కో, ఇది గుడి కాదు."

"ఇంత సల్లగా ఉంటే గుడి కాదేటి?" అని చెప్పులు చేత్తో పట్టుకుని నడిచింది. ఆ చెప్పులు చివరిదాకా ఆవిడ చేతిలోనే ఉన్నాయి. గుర్తుపెట్టుకోండి, పని పడతాయి.

ఆ కంపెనీ స్టాలులో కోటు వేసుకున్న ఒకాయన ఎదురొచ్చాడు. హైదరాబాదు నుంచి వచ్చాడట. మెళ్ళో బ్యాడ్జీ, చేతిలో ఫోను. "మేడమ్, మీ ఒపీనియన్ మాకు చాలా ఇంపార్టెంట్. వీడియో తీసుకుంటాం, ఫరవాలేదా?" అన్నాడు. నా ఒపీనియన్ ఇంపార్టెంట్ అన్న మగవాడు అప్పటిదాకా నాకు తగల్లేదు. కొంగు సర్దుకుని, లైబ్రరీలో చదివిన ముక్కలన్నీ నాలుక చివరకి తెచ్చుకున్నాను. అప్పటికి నాలుక ఉంది.

మొదట కట్టరు చూపించాడు. సిగార్ కొస తెగ్గొయ్యడానికి.

"అడకత్తెర కాదేటి ఇది?" అంది అత్త.

"కట్టర్ అత్తా. దీన్ని కట్టర్ అంటారు."

"అంటే అన్నారు. ఒక్క తీరే ఉన్నాది."

తరవాత దేవదారు పెట్టె. మూత తీస్తే లోపల మెత్తటి గుడ్డ, తేమ చూపించే గడియారం. నేను గొంతు సవరించుకుని, "పొగాకు గుణం తేమ మీద ఆధారపడి ఉంటుంది, ఆకు ఎండితే సువాసన పోతుంది, నాని ఉంటే బూజు పడుతుంది" అని కెమెరాకి ఉపన్యాసం మొదలుపెట్టాను. కోటాయన తల ఊపుతున్నాడు. చుట్టూ నలుగురు వ్యాపారులు చేరారు. అత్త ఆ మెత్తటి గుడ్డని వేలితో నొక్కి చూసి, "సుట్టలకి ఇంత మెత్త పరుపేటే! మీ మావకి కూడా ఏయించలేదు" అంది. ఉపన్యాసం అక్కడితో చచ్చింది. అందరూ నవ్వారు.

లైటరు వెలిగిస్తే నీలం మంట బుస్సుమని లేచింది. "దీని మీద టీ కాసుకోవచ్చు" అంది అత్త. యాష్‌ట్రే చూపించి, "ఇది బూడిద రాల్చుకోడానికి అమ్మా" అన్నాడు కోటాయన.

అత్త వింతగా చూసింది. "బూడిద బయట రాల్తాదేటి?"

జోకనుకుని ఆయన మళ్ళీ నవ్వాడు. ఆవిడ జీవితంలో బూడిద ఎప్పుడూ బయట రాలలేదని ఆయనకేం తెలుసు! నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆ మాటకి నాకు ఆ డాక్టరమ్మ మొహం గుర్తొచ్చింది. "బాబూ, ఆ హోల్డరు తియ్యండి" అన్నాను.

తీశాడు. అత్త చేతికిచ్చాను. ఆవిడ అటు తిప్పి, ఇటు తిప్పి, ఒక కంటితో గొట్టంలోంచి నన్ను చూసింది. అప్పుడు అర్థమైపోయింది ఆవిడకి.

"ఓసి నీ... ఇందుకేటే నన్ను తెచ్చినావు? పైడితల్లమ్మ పేరు సెప్పి?"

"దర్శనం కూడా సేయిస్తానత్తా. ముందు ఒక్కసారి దీంతో కాల్సి సూడు."

"నాను సూడను. బాలింతకి కషాయం పట్టినట్టు ఏటిది, గొట్టంతో!"

"అత్తా, నీ నోటి కోసమే కదా..."

చుట్టూ జనం ఉన్నారని కూడా చూడకుండా ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. అత్త నా మొహం కేసి చూసింది. గొట్టం నా చేతిలో పెట్టింది.

"సరే. నువ్వు కాల్సి సూపించు. నువ్వు కాల్సి బాగుందంటే రేపటి బట్టి నానూ దీంతోటే కాలుస్తాను. ఆ డాట్రమ్మ కాడికీ వొస్తాను. అమ్మోరి మీద ఒట్టు."

ఏడాదిగా నేను ఎన్ని ఉపన్యాసాలు చెప్పినా రాని మాట! డాక్టరమ్మ దగ్గరికీ వస్తానంది! నేను మానేసిన మాట నిజమే. ఒక్క పీల్పు. ఒక్కటంటే ఒక్కటి. దానికి అత్త నోరు తెరుస్తుందంటే, ఆ ఒక్క పాపం నా ఖాతాలో వేసుకుంటాను అనుకున్నాను. పెద్ద త్యాగం చేస్తున్నానన్న ఫీలింగు కూడా వచ్చింది, దాచడం ఎందుకు.

లోపల కాల్చకూడదట. హాలు వెనక ఆవరణలోకి తీసుకెళ్ళారు. షామియానా కింద కుర్చీలు, ఒక తొట్టె నిండా ఐసులో కూల్‌డ్రింకులు. వ్యాపారులు కూడా వెనకే వచ్చారు. కోటాయన హోల్డరుకి సిగార్ బిగించి, నీలం మంటతో వెలిగించి, రెండు చేతులతో నాకు అందించాడు, ఏదో అవార్డు ఇస్తున్నట్టు. ఫోను పైకెత్తాడు. "ఓకే మేడమ్. డ్రా, అంటే పీల్పు, ఎలా ఉందో చెప్పండి."

నిటారుగా నిలబడి, గొట్టం పెదాల మధ్య పెట్టుకున్నాను. అత్త చెప్పులు పట్టుకుని చేతులు కట్టుకుని చూస్తోంది. పీల్చాను. బాగానే ఉంది! "స్మూత్‌గా..." అనబోయాను.

అప్పుడు గాలి వచ్చింది.

మామూలు గాలి కాదు. షామియానా గుడ్డ ఫటఫటా కొట్టుకుంది. నిప్పురవ్వలు లేచాయి, కొన్ని నా కొంగు మీదకి. అంతే, ఆ తరవాత జరిగిందానిలో నా బుర్ర ప్రమేయం లేదు. చెయ్యి తనంతట తనే పని చేసింది. సిగార్‌ని గొట్టంలోంచి ఊడపెరికి, వేళ్ళ మధ్య గిర్రున తిప్పి, నిప్పు కొసని శుభ్రంగా నోట్లో పెట్టేసి, పెదాలు మూసేసింది. గాలొస్తే నిప్పు లోపలికి! పొయ్యి దగ్గర పక్కన కూర్చోబెట్టుకుని అత్త నేర్పిన మొదటి పాఠం. ఏడో తరగతి దాకా చదివిన పాఠాల్లో ఒక్కటీ ఇంత గట్టిగా ఉండిపోలేదు.

కానీ ఒక చిక్కు. మన చుట్ట సన్నగా ఉంటుంది. నాలుక కిందికి అణిచిపెడితే నిప్పు దానికి తగలకుండా నిలబడుతుంది. ఇది ఫారిన్ సిగార్. బొటనవేలంత లావు. నా నోట్లో దానికి చోటు లేదు. పైగా ఏడాది పాటు ప్రాక్టీసు లేదు. నిప్పు వెళ్ళి సరిగ్గా నా నాలుక మీద కూర్చుంది.

నేను వేసిన కేక పైడితల్లమ్మకి వినపడి ఉంటుంది. దర్శనం అలా అయింది.

"ఫైర్! ఫైర్! మేడమ్ నోట్లో ఫైర్!" అని కోటాయన అరిచాడు. వ్యాపారుల్లో ఒకాయన "అంబులెన్స్!" అన్నాడు. ఇంకొకాయన "గారడీ అనుకుంటా" అన్నాడు. సెక్యూరిటీ ఆయన గోడ మీదున్న ఎర్ర సిలిండరు పీక్కుని పరిగెత్తుకొచ్చి, దాని మూతి నా మూతికి గురిపెట్టాడు. ఆ క్షణంలో మా అత్త ముందుకు దూకింది. చెప్పులు పైకెత్తి, "ఒరే! మనిషి నోట్లో కొడతావేట్రా అది! బతకనిస్తావా లేదా!" అని గర్జించింది. ఆయన సిలిండరుతో సహా రెండు అడుగులు వెనక్కి వేసి, కుర్చీలో పడ్డాడు. అత్త తొట్టెలోంచి గుప్పెడు ఐసు తీసి నా నోట్లో కుక్కింది. నాకు ఊపిరి ఆడలేదు. కళ్ళ వెంట నీళ్ళు, ముక్కు వెంట పొగ.

కోటాయన మంచివాడే. అంత గొడవలోనూ ఫోను మాత్రం దించలేదు. "మేడమ్... ఫీడ్‌బ్యాక్?" అన్నాడు.

"థ... థథ... థా" అన్నాను.

అత్త నా భుజం పట్టుకుని కెమెరా కేసి తిరిగింది. "మా కోడలు ఏటంతందంటే, గొట్టం మంచిదే బాబూ. అయితే గాలొచ్చినప్పుడు మనిషికి పాత బుద్దే గుర్తొస్తాది. దానికేటేనా గొట్టం ఉంటే సెయ్యండి."

నలుగురూ చప్పట్లు కొట్టారు. నా లైబ్రరీ ముక్కలకి ఒక్క చప్పట్టు పడలేదు, చూశారా!

ఆయన మమ్మల్ని ఆటో ఎక్కించి, హోల్డరు ఒకటి ఉచితంగా అత్త చేతిలో పెట్టాడు. దారిలో ఒక ఆస్పత్రిలో ఆపి మందు రాయించుకున్నాం. గుడికి కూడా వెళ్దామని నేను సైగ చేశాను. "అమ్మోరు ఎక్కడికీ పోదు, నువ్వు పద" అంది అత్త.

బస్సు శ్రీకాకుళం చేరేదాకా అత్త నవ్వుతుందనే ఎదురుచూశాను. ఏడాది నుంచి నేను చేసిన బోధలన్నీ ఒక్కొక్కటీ తీసి నా మొహాన కొడుతుందనుకున్నాను. నేనైతే అదే చేసేదాన్ని, వదిలేదాన్ని కాదు. ఆవిడ కిటికీ కేసి చూస్తూ కూర్చుంది. చుట్ట కూడా తీయలేదు.

ఇంటికొచ్చాక నాకు గంజి చల్లార్చి పట్టింది. మజ్జిగ తేట పట్టింది. వేడన్నది నా దగ్గరికి రానివ్వలేదు. రోజూ సాయంత్రం మా ఆయన ఫోను టార్చి వేయించి, "నోరు తెరు" అనేది. తెరిచేదాన్ని. చూసి, మూయమనేది.

ఇలా కొన్నాళ్ళయ్యాక ఒక సాయంత్రం మూయమనలేదు. టార్చి ఇంకా దగ్గరికి పెట్టించింది. "ఎర్రగా ఉండేది, తెల్లగా అయిపోనాదే" అంది. నా కేసి చూడకుండా, చిన్నపిల్లలా అడిగింది. "నాది కూడా ఇలాగే ఉన్నాదేటే, లోపల?"

అయ్యో, ఆ క్షణంలో నా దగ్గర ఎన్ని మాటలున్నాయో! "ఏడాది బట్టి సెప్తన్నాను కదా" దగ్గర మొదలుపెట్టి, రంగుల బొమ్మల మీదుగా, వాయుదేవుడి దాకా. నాలుక బాగుంటే ఒక్కటి వదిలేదాన్ని కాదు. ఆవిడ కోపం తెచ్చుకుని, లేచి, చుట్ట వెలిగించుకునేది. అది ఖాయం.

నాలుక లేదు. అవునని తల ఊపాను. అంతే.

అత్త నా గడ్డం పట్టుకుంది. తరవాత, "రేపు పోదారి డాట్రమ్మ కాడికి. నీకు తోడుగా వొస్తాను" అంది. నాకు తోడుగానట! సరే, అలాగే అని మళ్ళీ తల ఊపాను.

మర్నాడు డాక్టరమ్మ మా ఇద్దర్నీ చెరో కుర్చీలో నోళ్ళు తెరిపించి కూర్చోబెట్టింది. "ఇందులో పేషెంటు ఎవరు?" అంది. "ఇద్దరిమీ. నాది పాత సరుకు, దీనిది కొత్త సరుకు టెస్టింగు" అంది అత్త. తెరిచిన నోటితోనే అంది. ముక్క తీస్తున్నప్పుడు మాత్రం నా చెయ్యి విరిగేలా పట్టుకుంది.

రిపోర్టు వచ్చే దాకా ఇంట్లో ఎవరికీ అన్నం సయించలేదు. వచ్చింది. భయపడాల్సిందేమీ లేదట, ఇప్పటికి. "ఇకమీదట నిప్పు తగిలిందా, మళ్ళీ నేను ఈ మాట చెప్పలేను తవిటమ్మగారూ" అంది డాక్టరమ్మ. అప్పటి నుంచి అత్త ఆ నల్ల గొట్టంలో లవంగం పెట్టుకుని పీలుస్తూ కూర్చుంటోంది, రాజుగారి దివాణంలో పెద్దమనిషిలా. చుట్ట జోలికి పోలేదు. గాలొచ్చినప్పుడు మాత్రం చెయ్యి గొట్టం మీదకి వెళ్తుంది. అప్పుడు నా కేసి చూసి, నా నాలుక కేసి చూసి, నవ్వుతుంది. ఇప్పుడు నవ్వుతోంది, బస్సులో దాచుకున్నదంతా!

నా నాలుక కూడా బాగైంది లెండి. మొదటి మాట పాలవాడితో మాట్లాడాను, పాపం.

ఏడాదంతా నోరు పారేసుకున్నా కాని పని, ఒక్క వారం నోరు మూసుకుంటే అయిపోయింది. ఈ ముక్క మాత్రం మీలో మీరే ఉంచుకోండి. మా ఆయన చెవిన పడిందంటే, ఇంట్లో ప్రతి సమస్యకీ ఒక సిగార్ వెలిగించి తెస్తాడు.